రెండు ల్యాబులు రెండు మాటలు చెప్పినప్పుడు

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర పల్లె. మా నాన్నకు 58 ఏళ్ళు. మెడకు కుడివైపు గడ్డలు వచ్చి ఏడు నెలలవుతోంది. మొదట సూది పరీక్షలో గ్రాన్యులోమా, అంటే వాపు కణాల ముద్ద, అన్నారు. టీబీ మందులు మూడు నెలలు వాడాం. గడ్డలు తగ్గకపోగా పెరిగాయి. సాయంత్రమైతే జ్వరం, మనిషి 7 కిలోలు తగ్గారు. అప్పుడు ఆపరేషన్ చేసి ఒక గడ్డ మొత్తం తీశారు. ఒక ల్యాబు హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్ అని రాసింది. ఇంకో పెద్దాసుపత్రి వాళ్ళు చూసి అది కాదు, టి-సెల్ రిచ్ లార్జ్ బి-సెల్ లింఫోమా అన్నారు. మందులు కూడా వేరట. రిపోర్టులు ముగ్గురు క్యాన్సర్ డాక్టర్లకు చూపించాం, తలా ఒక మాట. సోమవారం కీమో మొదలుపెడదాం అంటున్నారు. ఇంకోచోట చూపిస్తే ఆలస్యమై జబ్బు ముదురుతుందని అమ్మ భయం. ఏది నమ్మాలి? రెండు రిపోర్టుల ఫొటోలు జతచేస్తున్నాను.

సమాధానం: ముందు అమ్మగారి భయం సంగతి చూద్దాం. మీ నాన్నగారికి ముఖం, మెడ ఉబ్బి నరాలు తేలుతున్నాయా? పడుకుంటే ఆయాసం వస్తోందా? కాళ్ళలో పట్టు తప్పడం, మూత్రం బంద్ కావడం, కళ్ళు పచ్చబడటం ఉన్నాయా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ ఉత్తరం పక్కనపెట్టి ఈరోజే ఆసుపత్రికి వెళ్ళండి. అలాంటి పరిస్థితిలో వైద్యం ముందు, పేరు తర్వాత. అవేమీ లేకపోతే సోమవారం కీమో పడనంత మాత్రాన కొంప మునగదు. పది రోజుల నుంచి రెండు వారాలు జబ్బు పేరు తేల్చుకోవడానికి పెట్టడం ఆలస్యం కింద లెక్క కాదు. నెలలు మాత్రం పెట్టొద్దు. రెండో రిపోర్టులో రాసిన రకమే నిజమైతే అది త్వరగా పెరిగేది.

ఈ రెండు జబ్బులూ నయమయ్యే అవకాశం ఉన్నవే. అందుకే మొదటి మందు సరిగ్గా పడాలి. హాడ్జ్‌కిన్‌కు చాలాచోట్ల ఏబీవీడీ అనే నాలుగు మందుల కలయిక ఇస్తారు. లార్జ్ బి-సెల్ రకానికి ఆర్-చాప్ ఇస్తారు. అందులోని రిటుక్సిమాబ్ సీడీ 20 అనే గుర్తు ఉన్న కణాలనే పట్టుకుంటుంది. ఏబీవీడీలోని బ్లియోమైసిన్‌కు ఊపిరితిత్తులను దెబ్బతీసే గుణం ఉంది. జబ్బు హాడ్జ్‌కిన్ కాకపోతే ఆ ప్రమాదం ఊరికే మోసినట్టు. పేరు తప్పితే మందు తప్పుతుంది, నయమయ్యే జబ్బులో మొదటి అవకాశం చేజారుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ముగ్గురు క్యాన్సర్ డాక్టర్లకు రిపోర్టులు చూపించామన్నారు. అది చికిత్స మీద మూడు అభిప్రాయాలు తీసుకోవడమే తప్ప, జబ్బు ఏమిటన్న దాని మీద రెండో అభిప్రాయం కాదు. ఆ ముగ్గురూ చూసింది కాగితం. కాగితంలో తప్పుంటే ముగ్గురూ ఆ తప్పు మీదే సలహా చెబుతారు. చూపించాల్సింది మీ నాన్నగారి మెడలోంచి తీసిన గడ్డను. అది ఇప్పుడు ల్యాబులో మైనపు బ్లాకుగా ఉంది. అగ్గిపెట్టె కంటే చిన్న ప్లాస్టిక్ చట్రం, దాని మీద తెల్లటి మైనం, మైనంలో గోధుమరంగు మరకలా కనిపించే ముక్క, చట్రం అంచున పెన్సిల్‌తోనో ప్రింటుతోనో రాసిన బయాప్సీ నంబరు. దాన్ని మైక్రోటోమ్ అనే యంత్రం మీద 3, 4 మైక్రాన్ల మందంలో, అంటే వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందంలో పొరలుగా కోసి గాజు స్లైడు మీద పరిచి రంగు వేస్తారు. నిర్ణయం జరిగేది అక్కడే.

మీరు పంపిన ఫొటోల్లో ఒక చిన్న వివరం ఉంది. చాలామంది కంటికి ఆనదు. మొదటి ల్యాబు రిపోర్టులో గడ్డ నుంచి ఎ, బి అని రెండు బ్లాకులు చేశామని ఉంది. ప్రత్యేక స్టెయిన్లు, అంటే కణాల్లోని సీడీ 20 లాంటి గుర్తులను పట్టి చూపే రంగులు, ఎ మీద వేశారు. రెండో ఆసుపత్రి రిపోర్టు పైభాగంలో, అందిన సామగ్రి అన్నచోట "ఒక బ్లాకు, బి" అని ఉంది. అంటే ఇద్దరూ చూసింది ఒకే గడ్డే అయినా ఒకే ముక్క కాదు. స్టెయిన్లు కూడా వేరు. మొదటివాళ్ళు సీడీ 3, సీడీ 15, సీడీ 20, సీడీ 30 వేశారు. సీడీ 30 పట్టింది, 15 పట్టలేదు, 20 కొన్ని పెద్ద కణాల్లో పట్టింది. రెండోవాళ్ళు సీడీ 3, సీడీ 20, సీడీ 45, కేఐ 67 వేశారు. పెద్ద కణాల్లో 20, 45 పట్టాయి. సీడీ 30 వాళ్ళు వేయనే లేదు. కాబట్టి ఒకరు కరెక్టు, ఇంకొకరు తప్పు అని ఇప్పుడే తేల్చకూడదు. రెండూ సగం సగం రిపోర్టులు.

ఈ రెండు జబ్బులూ మైక్రోస్కోపు కింద అచ్చం అన్నదమ్ముల్లా ఉంటాయి. రెంటిలోనూ మామూలు తెల్లకణాలు గుంపులుగా ఉంటాయి, వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి పెద్ద క్యాన్సర్ కణాలు ఉంటాయి. హాడ్జ్‌కిన్‌లో ఆ పెద్ద కణాలు చాలాసార్లు నూటికి ఒకటో రెండో మాత్రమే. సన్నసూది పరీక్షలో అవి రాకపోవడం అందుకే. గడ్డలో గ్రాన్యులోమాలు ఉంటే సూదికి అవే తగులుతాయి, మన దగ్గర గ్రాన్యులోమా అనగానే టీబీ గుర్తొస్తుంది. మీకు మొదట జరిగింది బహుశా ఇదే. ఈ తికమక కొత్తది కాదు. 1898లో వియన్నాలో కార్ల్ స్టెర్న్‌బర్గ్ ఈ పెద్ద కణాలను వర్ణించి కూడా ఇది ఒక రకం టీబీ అనుకున్నారు. 1902లో డొరోథీ రీడ్ ఇది టీబీ కాదు, వేరే జబ్బు అని చూపించారు. ఆ ఇద్దరి పేర్లమీదే ఇప్పటికీ ఆ కణాలను రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాలంటారు.

వీటిని విడదీసేది ఏ ఒక్క స్టెయినూ కాదు, గుంపు మొత్తం. హాడ్జ్‌కిన్ పెద్ద కణంలో సీడీ 30 గట్టిగా పడుతుంది, పాక్స్ 5 పలచగా పడుతుంది, సీడీ 45 పట్టదు, ఆక్ట్ 2, బాబ్ 1 అనేవి తగ్గుతాయి లేదా పోతాయి. సీడీ 15 కొందరిలో పట్టకపోవచ్చు, సీడీ 20 కొందరిలో అక్కడక్కడ పలచగా పట్టవచ్చు. కాబట్టి మొదటి రిపోర్టులో 15 నెగటివ్, 20 కొంత పాజిటివ్ అని ఉన్నంత మాత్రాన హాడ్జ్‌కిన్ కాదని చెప్పలేం. లార్జ్ బి-సెల్ రకంలో 20, 45, పాక్స్ 5 అన్నీ గట్టిగా, దాదాపు ప్రతి పెద్ద కణంలో పడతాయి. ఇంకో మూడో అవకాశమూ ఉంది: నాడ్యులర్ లింఫోసైట్ ప్రిడామినెంట్ అనే వేరే హాడ్జ్‌కిన్ రకం. ఇందులో కూడా సీడీ 20, 45 పాజిటివే. సీడీ 21 వేసి గడ్డ లోపలి వల అల్లిక చూస్తే గానీ దీన్ని లార్జ్ బి-సెల్ రకం నుంచి విడదీయడం కష్టం. మీ రెండు రిపోర్టుల్లోనూ పాక్స్ 5, ఆక్ట్ 2, బాబ్ 1, సీడీ 21, ఎప్‌స్టీన్-బార్ వైరస్ కోసం చేసే ఈబర్ పరీక్ష లేవు. మూడోచోట అడగాల్సింది ఇవే. పేర్లు ఒక చీటీ మీద రాసి ఫైలులో పెట్టండి. వాళ్ళకు తెలియదని కాదు, ఇప్పటిదాకా ఏవి వేశారో ఏవి వేయలేదో ఒక్క చూపులో తెలుస్తుందని.

స్టెయిన్ సరిగ్గా పట్టకపోవడం కూడా తేడాలకు పెద్ద కారణం. గడ్డ తీసిన వెంటనే దానికి పది రెట్ల ఫార్మలిన్ అనే నిల్వ ద్రవంలో వేయాలి. లింఫు గడ్డకు గట్టి తొడుగు ఉంటుంది, కోయకుండా అలాగే సీసాలో పడేస్తే ఫార్మలిన్ లోపలికి దిగదు. అంచులు బాగుండి మధ్యభాగం కుళ్ళుతుంది. ఆ మధ్యభాగంలో సీడీ 20 వేస్తే ఉన్న కణంలో కూడా పట్టకపోవచ్చు. స్లైడులు చదివే డాక్టరు, అంటే పాథాలజిస్టు, దీన్ని ఎలా పసిగడతారంటే, అదే స్లైడులో మామూలు చిన్న బి కణాలు (ఒక రకం తెల్లకణాలు) ఉంటాయి కదా, వాటికి సీడీ 20 పట్టి తీరాలి. వాటికీ పట్టలేదంటే తప్పు జబ్బుది కాదు, తయారీది. స్లైడులు చూసేవారిని మీరు ధైర్యంగా అడగదగ్గ ప్రశ్న ఇది: లోపలి కంట్రోల్‌కు, అంటే ఆ మామూలు కణాలకు, రంగు పట్టిందా?

ఇక పని ఎలా జరిపించాలో చెబుతాను.

మొదటి ల్యాబుకు వెళ్ళి బయాప్సీ నంబరు చెప్పి, ఒక తెల్లకాగితం మీద అర్జీ రాయండి: ఎ బ్లాకు, అన్ని మామూలు స్లైడులు, నాలుగు స్పెషల్ స్టెయిన్ స్లైడులు, మొదటి సూది పరీక్ష స్లైడులు కావాలని. బి బ్లాకు రెండో ఆసుపత్రిలో ఉంది, అక్కడి నుంచి వాళ్ళు వేసిన స్టెయిన్ స్లైడులతో సహా తెచ్చుకోవాలి. కౌంటర్లో "ఇవ్వం" అంటే అక్కడితో ఆగకుండా పాథాలజిస్టును కలవండి. వాళ్ళ భయం బ్లాకు పోతుందని, రేపు అడిగితే చూపించడానికి ఏమీ ఉండదని. అందుకే సంతకం తీసుకుంటారు, కొన్నిచోట్ల డిపాజిట్ అడుగుతారు. ఇచ్చేయండి, రసీదు తీసుకోండి. రెండో అభిప్రాయం తీసుకోవడం రోగి హక్కు అని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో స్పష్టంగా ఉంది. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. ఈ మాటలు గొడవకు కాదు, అవసరమైతే అర్జీలో ఒక వాక్యంగా రాయడానికి. మర్యాదగా అడిగితే చాలా ల్యాబులు ఇస్తాయి.

బ్లాకు చేతికి రాగానే దాని అంచున ఉన్న నంబరు, స్లైడు మీది నంబరు, రిపోర్టు మీది నంబరు మూడూ ఒకటేనా అని అక్కడే నిలబడి చూడండి. ఒక్క అంకె తేడా ఉన్నా కదలొద్దు. ఫోనులో ఫొటో తీసుకోండి. స్లైడులు ఒకదానికొకటి అంటుకోకుండా ప్లాస్టిక్ స్లైడు డబ్బాలో పెట్టించుకోండి. కాగితంలో చుట్టి రబ్బరుబ్యాండు వేస్తే దారిలోనే పగులుతాయి. బ్లాకులు చిన్న జిప్ కవర్లో వేసి, బుడగల కవరు చుట్టండి. మైనం 60 డిగ్రీల లోపే కరుగుతుంది. మే నెలలో సూర్యాపేట ఎండలో తలుపులు వేసిన కారు డాష్‌బోర్డు మీద పెడితే ముక్క పాడైపోవచ్చు. చేతిసంచిలో మీతోపాటే ఉంచుకోండి. కొరియరులో పంపాల్సి వస్తే సగం స్లైడులు, ఒక బ్లాకు దగ్గర ఉంచుకోవాలని చాలామంది సలహా ఇస్తారు. మీ విషయంలో అలా కుదరదు, ఎ, బి రెండూ ఒకే కంటి కింద పడాలి. కాబట్టి మనిషి వెళ్ళడమే మేలు.

ఎక్కడికి? లింఫోమా స్లైడులు రోజూ చూసే హెమటోపాథాలజిస్టు, అంటే రక్తం, లింఫు జబ్బుల పాథాలజిస్టు, ఉండే చోటికి. ముంబయిలో టాటా మెమోరియల్, వెల్లూరులో సీఎంసీ, చెన్నైలో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ బయటి బ్లాకులు చూసే పెద్ద కేంద్రాలు. మీకు దగ్గరలో హైదరాబాదులో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే, పంజాగుట్టలో నిమ్స్, బంజారాహిల్స్‌లో బసవతారకం ఉన్నాయి. ఆంధ్ర వైపు వాళ్ళకైతే విశాఖలో టాటా వారి హోమీ భాభా ఆసుపత్రి ఉంది. వెళ్ళేముందు ఫోను చేసి మూడు అడగండి: బయటి బ్లాకు రివ్యూ తీసుకుంటారా, రోగి రావాలా లేక ఫైలు చాలా, ఎన్ని రోజులు పడుతుంది. మామూలుగా వారం, అదనపు స్టెయిన్లు వేస్తే రెండు వారాలు. నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌తో కలిసి నవ్య అనే సంస్థ నడిపే ఆన్‌లైన్ సలహా మంచిదే, కానీ అది రిపోర్టుల మీద చికిత్స సలహా. మీ చిక్కు రిపోర్టులోనే ఉంది కనుక దాన్ని జబ్బు పేరు తేలాక వాడుకోండి. స్లైడు ఫొటో తీసి వాట్సాప్‌లో తెలిసిన డాక్టరుకు పంపడం మాత్రం వద్దు, ఒక మూల చూసి ఎవరూ చెప్పలేరు.

చాలా కుటుంబాలు ఇక్కడ ఒక పొరపాటు చేస్తాయి. పాత రిపోర్టులు దాచి, "చూద్దాం వీళ్ళేమంటారో" అని పరీక్ష పెట్టినట్టు బ్లాకు ఒక్కటే ఇస్తారు. దానివల్ల నష్టం మీకే. ఏ స్టెయిన్లు వేశారో తెలియక మళ్ళీ మొదటి నుంచి వేస్తారు, ముక్క అరిగిపోతుంది. బ్లాకును మైక్రోటోమ్‌కు బిగించిన ప్రతిసారీ పైపొర సమం కావడానికి కొన్ని పొరలు వృథాగా పోతాయి. అందుకే రెండు బ్లాకుల నుంచీ ఒకే విడతలో అవసరమైన పొరలన్నీ, సుమారు 12 నుంచి 15, కోటింగు స్లైడుల (పొర ఊడకుండా పూత వేసినవి) మీద తీసిపెట్టమని అడగండి. రెండు రిపోర్టులూ, పెట్ సీటీ (ఒళ్ళంతా తీసే స్కాను) ఉంటే దాని డిస్కు, రక్త పరీక్షలు, టీబీ మందులు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు వాడారో తేదీలు, జ్వరం, బరువు వివరాలు ఒకే పేజీలో రాసి పైన పెట్టండి. మూడో పాథాలజిస్టు మొదటి ఇద్దరిలో ఒకరికి ఫోను చేసి మాట్లాడగలిగితే ఇంకా మంచిది. అడగడంలో తప్పులేదు, వాళ్ళలో వాళ్ళు ఇలా మాట్లాడుకోవడం మామూలే.

ఒకవేళ ముక్క చాలలేదు, లేదా ఫార్మలిన్‌లో సరిగ్గా నిలవలేదు (ఫిక్స్ కాలేదు) అంటే మళ్ళీ బయాప్సీ చేయాల్సి వస్తుంది. బాధపడకండి, అది డబ్బు దండగ కాదు. ఈసారి మూడు విషయాలు సర్జన్‌కు ముందే చెప్పండి. మెడలో అందుబాటులో ఉన్న గడ్డ మొత్తం తీయాలి, గజ్జల్లోది వద్దు, అక్కడి గ్రంథులు కాళ్ళ పుండ్లకూ దెబ్బలకూ ఊరికే ఉబ్బుతుంటాయి. పెట్ సీటీలో బాగా వెలిగిన గడ్డ అయితే మరీ మంచిది. తీసిన వెంటనే చిన్న ముక్క కోసి సెలైన్‌లో టీబీ కల్చరుకు, సీబీనాట్ అనే టీబీ జన్యు పరీక్షకు పంపాలి, మిగతాది ఫార్మలిన్‌లో పాథాలజీకి. మొత్తం ఫార్మలిన్‌లో వేస్తే టీబీ క్రిములు చచ్చిపోయి కల్చరు రాదు. ఆపరేషన్ థియేటరు బయట ఏ సీసా ఎక్కడికో తెలియక అన్నీ ఒకే సీసాలో పడే సందర్భాలు ఎక్కువ, అందుకే ముందే రెండు సీసాలు పేర్లు రాసి సిద్ధంగా ఉంచమనండి.

ఈ రెండు వారాల్లో నాన్నగారికి స్టెరాయిడ్ పడకుండా చూడండి. ఇది గట్టిగా చెబుతున్నాను. వైసోలోన్ మాత్రలు, డెక్సా సూదులు లింఫోమా గడ్డను తాత్కాలికంగా కరిగిస్తాయి. గడ్డ తగ్గిందని సంతోషిస్తాం, ఆ తర్వాత తీసిన ముక్కలో క్యాన్సర్ కణాలు కనిపించవు, నిర్ణయం మళ్ళీ మొదటికొస్తుంది. జ్వరానికని ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించేటప్పుడు ఏం మందో అడగండి, డెక్సా అయితే వద్దనండి. ప్రాణాపాయ లక్షణాలుంటే ఆసుపత్రి డాక్టరు ఇచ్చే స్టెరాయిడ్ వేరే సంగతి.

టీబీ మందుల విషయంలో మీరంతట మీరు ఆపడం గానీ కొనసాగించడం గానీ చేయొద్దు. టీబీ గడ్డలు మందులు వాడుతున్నప్పుడు కూడా కొన్నిసార్లు ముందు పెరిగి తర్వాత తగ్గుతాయి, కాబట్టి పెరిగినంత మాత్రాన టీబీ లేనట్టూ కాదు. ఇప్పటికీ వాడుతుంటే కీమో డాక్టరుకు తప్పక చెప్పండి. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ కొన్ని కీమో మందుల, స్టెరాయిడ్ల బలాన్ని ఒంట్లో తగ్గిస్తుంది.

ఎదురుచూసే రోజులు ఖాళీగా పోనివ్వొద్దు. ఏ రిపోర్టు నిజమైనా అవసరమయ్యే పరీక్షలు ఇప్పుడే చేయించవచ్చు: పెట్ సీటీ, గుండె ఎకో, ఎల్‌డీహెచ్, యూరిక్ యాసిడ్, కిడ్నీ, లివరు, హెచ్ఐవీ, హెపటైటిస్ సి, హెపటైటిస్ బి. ఈ చివరిది ముఖ్యం. ఒంట్లో అణిగి ఉన్న హెపటైటిస్ బి, రిటుక్సిమాబ్ పడితే మళ్ళీ విజృంభించగలదు. హెచ్‌బీఎస్ఏజీ అనే మామూలు హెపటైటిస్ బి పరీక్ష ఒక్కటే కాదు, కోర్ యాంటీబాడీ కూడా అడగండి. ఆరోగ్యశ్రీ మీద వైద్యమైతే ఆరోగ్యమిత్రను కలిసి జబ్బు పేరు మారే అవకాశం ఉందని ముందే చెప్పండి. ఒక మందుల వరుసకు అనుమతి తీసుకున్నాక అది మారితే కాగితాలు మళ్ళీ నడవాల్సి వస్తుంది.

సోమవారం చెప్పిన డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళండి, తప్పించుకోవద్దు. "రెండు రిపోర్టులు కలవలేదు సార్, రెండు బ్లాకులూ ఒకచోట చూపించి రెండు వారాల్లో వస్తాం, అంతదాకా ఆగవచ్చా, ఆగలేని లక్షణాలు ఏమైనా కనిపిస్తున్నాయా?" అని అడగండి. ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకునే డాక్టర్లు తక్కువ. వాళ్ళకూ పేరు తేలాలనే ఉంటుంది.

మూడో రిపోర్టు వచ్చాక అందిన సామగ్రి కింద ఎ, బి రెండు బ్లాకుల నంబర్లూ ఉన్నాయా చూడండి. చివరి వాక్యం "సూచిస్తోంది" అనో "తోసిపుచ్చలేం" అనో ఉంటే ఇంకా తేలలేదని అర్థం, ఏం వేస్తే తేలుతుందో అడగండి. తేలితే ఆ రిపోర్టు ప్రతి మొదటి రెండు ల్యాబులకూ పంపండి, వాళ్ళు తమ రిపోర్టుకు సవరణ జతచేసుకునే వీలుంటుంది.

బ్లాకులు, స్లైడులు తిరిగి తీసుకోవడం మరిచిపోవద్దు. మొదటి ల్యాబుకు అప్పగించి రిజిస్టరులో రాయించండి. వాళ్ళు మీ దగ్గరే ఉంచుకోమంటే ఫ్రిజ్ అక్కర్లేదు. ఎండ, దీపం వేడి, చీమలు తగలని అలమరలో, గట్టి మూత ఉన్న డబ్బాలో, పైన పేరు, నంబరు, తేదీ రాసి పెట్టండి. రేపు ఏ రెండేళ్ళకో మళ్ళీ గడ్డ కనిపిస్తే డాక్టరు మొదట అడిగేది ఆ బ్లాకునే.